స్పందన లేనివారు: తొమ్మిది

పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా
జిరాక్సు, డీటీపీ, లామినేషను: మా అంగడి.
కరెంటు పోతే కొండ మీద మబ్బు చూస్తా కూచుంటాం.
మిగతా పొద్దంతా
ఎవరెవరి బతుకులో టైపు చేస్తా ఉంటాం.

ఈ పొద్దు మునికాంతమ్మ మేడం వచ్చింది.
నర్సింగు కాలేజీ, ప్రమోషను ఫైలు,
ఒక మూల సాంబారు మరక పడిన కాగితాలు.
"ప్రచురణల జాబితా, పాపా.
సోమవారం లోపల ఇయ్యాల."

ఒకటి: వార్డు ఇన్‌ఛార్జి నర్సుల నాయకత్వ శైలి, ఒక పరిశీలన.
రెండు: రాత్రి డ్యూటీలో నిర్ణయం ఎవరిది?
ప్రతిదాని తోకకూ ఒక సంవత్సరం, ఒక సంపుటి, పేజీల నంబర్లు.
ప్రతిదాని తలకూ
ఆమె పేరు, ఇద్దరు డాక్టర్ల పేర్లు,
ఆ తర్వాత "తదితరులు".

"తదితరులంటే ఎవురు మేడం?"
నవ్వింది. "మా ఎస్తేరు రాణి, షంషాద్,
ఐసుపెట్టె మోసిన నాగభూషణం."
ఎండాకాలం ఒకనాడు ఐసు కరిగిపోతే
లీలామహల్ సర్కిల్లో కుల్ఫీబండి ఆపినాడంట నాగభూషణం.
రక్తం గొట్టాలు చూసి
బండాయన ఐసంతా ఇచ్చేసి
డబ్బులు ముట్టుకోలేదంట.
ఆయన తదితరుల్లో కూడా లేడు.

తొమ్మిదో నంబరు కాడ నా వేళ్లు ఆగినాయి.
"హెపటైటిస్ బి టీకా మూడు డోసుల తర్వాత
ఆసుపత్రి సిబ్బందిలో యాంటీబాడీల స్థాయి.
రెండువందల పద్నాలుగు మంది."

అందులో నూట ముప్పై ఒకటి
మా అమ్మ.
కాన్పుల వార్డు ఆయా, చెంగమ్మ.

మొదటి జాబితాలో ఆయాలు లేరు.
టీకా డాక్టర్లకు, నర్సులకు.
సూది మాత్రం
చెత్తబుట్టలో చెయ్యి పెట్టినోళ్లకే గుచ్చుకుంటాది.
మేడం ఆ జాబితా వెనక్కి పంపింది.
మళ్లా పంపింది.
మూడోసారి పెద్దసారు గది ముందర
బెంచీ మీద టిఫిను క్యారియరు పెట్టుకోని
సాయంత్రం దాకా కూచుందంట.
నాయకత్వం మీద ఆమె పేపర్లు
పద్నాలుగు టైపు చేసినా.
ఆ బెంచీ ఒక్కదాంట్లోనూ లేదు.

అమ్మకు మూడు డోసులూ పడినాయి.
ఒళ్లు పలకలేదు.
కొన్ని ఒళ్లు అంతేనంట,
తలుపు తడితే
లోపల మనిషి ఉండి కూడా లేచి రాదంట.
అట్లాటోళ్లకు పట్టికలో ఒక గడి.
స్పందన లేనివారు: తొమ్మిది.

అమ్మకు చదివి చెప్తే కోపమొచ్చింది.
"ఇరవై ఏండ్లుగా ఏ నడిజాముకు పిలిచినా పలికినా గదే,
నన్నా స్పందన లేదనేది?"

జాబితా మధ్యలో నాలుగేండ్లు ఖాళీ.
"కమిటీ అడగతారేమో మేడం,
ఈడ ఏం రాసేది?"
"అడగనీ. పేపర్లు లేవు."

నాకు తెలుసు ఆ నాలుగేండ్లు.
ఆదివారం పూట జీవకోన మిట్ట ఎక్కి
ఆయాసంతో మా గడప మీద కూలబడేది,
మళ్లా టీకా, మళ్లా రక్తం,
చాకలి పద్దు లాంటి చిన్న నోటుబుక్కులో నంబర్లు.
తొమ్మిది మంది మీద పేపరు రాయలేరంట,
సంఖ్య చాలదంట.
ఆరుగురికి పలికింది.
అమ్మ మిగతా ముగ్గురిలో.

రూలు ప్రకారం ఆమె పేరు
ఇరవై మూడు చోట్ల బోల్డు చేసినా.
మార్జిన్లు సరిజేసినా.
"మునికాంతమ్మ ఫైనల్ నాలుగు" అని సేవ్ చేసి
ప్రింటు తీసి చేతికిచ్చినా.
లెక్కగా ముప్పై రూపాయలు పెట్టింది.

రోడ్డు సగం దాటి
ఆటోల మధ్యలోంచి వెనక్కొచ్చింది.
"పాపా, మీ అమ్మ గ్లౌజులు
రెండు జతలు వేసుకుంటా ఉందా?"
"ఒకటే ఇస్తారంట మేడం."

ఆమె పెన్ను తీసింది.
ఇరవై మూడు ప్రచురణలను బోర్లా తిప్పి
తెల్లగా ఉన్న వెనక వైపు
ఏదో రాసింది, కింద గీత గీసింది,
మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది పాడయిపాయె.
ఇంకో కాపీ తియ్."